ఊళ్ళో చిన్న మ్యూజియం పెట్టాలనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కనిగిరి దగ్గర మీ పల్లెలో గుడి వెనక రెండు వీరగల్లులు (పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలబెట్టిన రాళ్ళు), చెరువుకట్ట మీద అక్షరాలున్న ఒక బండ, పాత కరణంగారింట్లో తాటాకుల కట్టలు ఉన్నాయి. పాత బడి గది ఖాళీగా ఉంది. వేళచ్చేరి, అంబత్తూరు వైపు ఉద్యోగాలు చేసుకుంటున్న మీ ఊరివాళ్ళు పదిమంది చందాలు వేసుకుని ఆ గదిలో చిన్న మ్యూజియం పెట్టాలనుకుంటున్నారు. ముందు ఏం చేయాలి, ఎంత ఖర్చవుతుంది అన్నారు.

నేను మద్రాసులో ముప్పై ఏళ్ళు మ్యూజియం ఉద్యోగం చేసి రిటైరయ్యాను. సొంతూరు కావలి పక్కన. సెలవు దొరికినప్పుడల్లా నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో తిరిగి శాసనాలకు అచ్చులు తీశాను, పెద్దవాళ్ళ మాటలు రాసుకున్నాను. ఆ అనుభవంతో చెప్తున్నాను: బడి గదికి సున్నం వేయించే పని ఇప్పుడే పెట్టుకోకండి. ఒక ఏడాది పాటు ఊళ్ళో ఏ వస్తువునీ దాని చోటు నుంచి కదపకండి. ఆ ఏడాదంతా రాసుకోండి. ఎవరింట్లో ఏముంది, దాన్ని ఎవరు వాడేవాళ్ళు, ఏ పేరుతో పిలిచేవాళ్ళు, దాని గురించి ఏం చెప్తారు, ఇవన్నీ. గది సంగతి రెండో ఏడు చూసుకోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 1998లో నేనూ ఇలాగే ఒక ఊరివాళ్ళతో కలిసి మ్యూజియం పెట్టాను. ఊరి పేరు చెప్పను. అప్పుడు మా అందరి ఉత్సాహం అంతా ఇంతా కాదు. రెండు వారాల్లో నూట నలభై వస్తువులు పోగయ్యాయి. కుంచాలు, మానికలు, గొర్రు, గుంటక, కంచు చెంబులు, ఒక పల్లకీ బొంగు. ఎవరు ఏది ఇచ్చారో అందరికీ తెలిసిందే కదా అని రాయలేదు. ఊరి బయట వేపచెట్టు కింద ఒక పేరంటాలు రాయి, అంటే భర్తతో సహగమనం చేసి దేవతగా పూజలందుకునే ఆవిడ రాయి, ఉండేది. ఎండకీ వానకీ పాడైపోతోందని ట్రాక్టరు మీద తెచ్చి గదిలో నిలబెట్టాం. ఆరు నెలల తర్వాత శ్రావణ మాసంలో మళ్ళీ వెళ్ళాను. గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్నాయన కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయాడు. కిటికీ ఊచలకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి, కింద గోడ వారన కొబ్బరి చిప్పలు. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళే దారి లేక, కిటికీ బయటే నిలబడి మొక్కుకుని పోతున్నారు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. రెండేళ్ళకి రాయిని మళ్ళీ వేపచెట్టు కిందికి చేర్చాం. కానీ అంతకుముందు అది ఏ దిక్కుకి తిరిగి ఉండేదో తేలలేదు. ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చెప్పారు. కదిపేముందు ఒక్క ఫోటో కూడా తీసుకోలేదు మేము. చెక్క సామాను సగం చెదలు తినేసింది. మిగిలినవి ఎవరివో తేలక అన్నదమ్ముల మధ్య మాటలు పడ్డాయి.

అందుకే మీ వీరగల్లుల్ని గుడి వెనకే ఉండనివ్వండి. మన వైపు వీటిని ఊరివాళ్ళు వీరగల్లు అని అరుదుగా అంటారు. వీరుడు, వీరన్న, వేట గుర్తుంటే వేటగాడి రాయి, ఇలా ఏదో పేరుంటుంది. ముందు ఆ పేరు రాసుకోండి. తర్వాత రాయిని కింది నుంచి పైకి చూడండి. చాలా వీరగల్లుల్లో అడుగున పోరు ఉంటుంది. ఆవులు కనబడితే పశువుల్ని తోలుకుపోతున్న వాళ్ళతో పోరాడి చనిపోయినవాడని అర్థం. మధ్యలో అతన్ని అప్సరసలు పైకి తీసుకెళ్తూ ఉంటారు. పైన శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. అంచున సూర్యచంద్రులు, అంటే ఆ సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఆ పేరు ఉండాలని. మోచేతి దగ్గర వంచి పైకెత్తిన చెయ్యి, దానికి గాజులు చెక్కి ఉంటే అది భర్తతో సహగమనం చేసిన ఆవిడ గుర్తు. మన జిల్లాల్లో పేరంటాలుగా పూజలందుకునేది ఎక్కువగా ఆవిడే. ఆ పూజ ఏ ఇంటివాళ్ళు చేస్తారో కనుక్కోండి. శాసనం లేని రాయికి ఒక్కోసారి మిగిలిన ఆచూకీ ఆ ఇంటిపేరు ఒక్కటే.

చెరువుకట్ట మీది బండ గురించి మీరు రాసింది చదవగానే ఆశ కలిగింది. కట్ట మీద శాసనం ఉందంటే అది ఆ చెరువు తవ్వించిన సంగతో, దశబంధం మాన్యమో అయ్యే అవకాశం ఎక్కువ. దశబంధం అంటే చెరువు తవ్వించినవాళ్ళకీ, దాన్ని మరమ్మతు చేస్తూ ఉండేవాళ్ళకీ ఇచ్చే భూమి. మీకు కొండల అవతల పోరుమామిళ్ళ చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, ఉదయగిరి నుంచి పాలిస్తూ ఆ చెరువు కట్టించాడు. మంచి చెరువుకి ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ రాతి మీద రాసి ఉన్నాయి. రోజుకి వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ళ పని అని లెక్క కూడా ఉంది. ఇవాళ్టి ఇంజనీరు చదివినా అర్థమయ్యే మాటలు అవి. మీ బండ మీద అంత ఉండకపోవచ్చు. నాలుగు వరుసలే ఉన్నా, ఆ చెరువు కింద సాగు చేసుకుంటున్న ప్రతి ఇంటికీ అది సొంత విషయం.

దాన్ని చదవడానికి పగలు వెళ్ళకండి. మిట్టమధ్యాహ్నం ఎండలో అక్షరం రాతిలో కలిసిపోతుంది. చీకటి పడ్డాక ఇద్దరు వెళ్ళండి. టార్చిని రాతికి ఎదురుగా కాకుండా పక్క నుంచి, దాదాపు రాతికి ఆనించి పట్టుకోండి. వెలుతురు అడ్డంగా పాకేసరికి ప్రతి గీతలోనూ నీడ నిలబడుతుంది. మొదటిసారి చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. అప్పటిదాకా గరుకు బండగా ఉన్నచోట 'స్వస్తిశ్రీ' లేచి కనబడుతుంది. అలా నాలుగు వైపుల నుంచి వెలుతురు మార్చి ఫోన్‌తో ఫోటోలు తీయండి. ఒక్కో ఫోటోలో పక్క ఫోటోలోని భాగం సగం వచ్చేలా తీస్తే, తర్వాత వాటిని కలిపి కంప్యూటర్లో త్రీడీ నమూనా చేయొచ్చు.

రాతిని ఇనప బ్రష్షుతో రుద్దకండి. యాసిడ్, కిరసనాయిలు, ఎనామిల్ పెయింటు, ఏదీ వద్దు. అక్షరాలు బాగా కనబడాలని తెల్లరంగు నింపడం చాలా ఊళ్ళలో చూశాను. నింపినవాళ్ళు తమకి తోచిన అక్షరం నింపుతారు. ఆ తర్వాత అసలు అక్షరం పోయినట్టే. నీళ్ళు, కొబ్బరిపీచు లేదా మెత్తని బ్రష్షు చాలు. అచ్చు తీయడం, అంటే తడి కాగితాన్ని రాతికి అతికించి, బ్రష్షుతో గుంటల్లోకి దిగేలా కొట్టి, పైన మసి అద్దడం, పక్కన ఉండి చేయించేవాళ్ళు లేకుండా ప్రయత్నించకండి.

చదవడం మొదలుపెట్టినప్పుడు మొదట శాపం వెతకండి. మన శాసనాల చివర తరచుగా ఉంటుంది, ఈ ధర్మం చెరిచినవాళ్ళు గంగ కరుత కపిలను చంపిన పాపాన పోతారని. కరుత అంటే ఒడ్డు, కపిల అంటే ఆవు. ఆ వరుస అలవాటైన మాటలతో ఉంటుంది కాబట్టి దాన్నిబట్టి ఆ కాలపు అక్షరాలు గుర్తుపట్టొచ్చు. ఆ తర్వాత పైకి వెళ్ళి తేదీ చూడండి. శక సంవత్సరానికి 78 కలిపితే ఇప్పటి లెక్క వస్తుంది. పక్కనే అరవై సంవత్సరాల్లోని పేరు కూడా ఉంటుంది. శక 1435 పక్కన శ్రీముఖ అని ఉంటే సరిపోయింది, అది 1513. ఇంకో పేరుంటే మీరు అంకె తప్పు చదివారన్నా అనుకోవాలి, శాసనం తర్వాతెప్పుడో చెక్కిందన్నా అనుకోవాలి. ఊళ్ళో పేపరువాళ్ళని పిలిచి 'వెయ్యేళ్ళ శాసనం' అని చెప్పేముందు ఈ చిన్న లెక్క చూసుకోండి.

ఇంకో మాట. మీ బండని నూట ఇరవై ఏళ్ళ కిందటే ఎవరైనా చదివి ఉండొచ్చు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలో ఉన్నాయి. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాలుగా 1905లో అచ్చువేయించారు. తాలూకాల వారీగా, ఊళ్ళ పేర్లతో ఉంటాయి. ఎగ్మూరులో కన్నెమెరా లైబ్రరీకి వెళ్ళి అడగండి. ఊరి పేరు పాత స్పెల్లింగుతో నాలుగు రకాలుగా వెతకాలి. దొరికితే మీ ఊరి శాసనపాఠం తెలుగు అక్షరాల్లోనే మీ ముందు ఉంటుంది. అప్పట్లో ఉన్న రాళ్ళలో ఇప్పుడు ఏవి లేవో కూడా తెలుస్తుంది. ఆ తెలియడం బాధగానే ఉంటుంది గానీ, అవసరం.

మీరు చెన్నైలో ఉండడం ఈ పనికి పెద్ద అదృష్టం. మన పల్లెల చరిత్ర కాగితాల్లో ఎంతో భాగం మద్రాసులోనే ఉంది. కాలిన్ మెకంజీ పేరు వినే ఉంటారు, స్కాట్లండ్ వాడు, 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1821లో చనిపోయాడు. ఆయన పేరు మీద ఉన్న సేకరణలో 8,076 శాసనాల నకళ్ళు, 2,070 స్థానిక వృత్తాంతాలు ఉన్నాయని అప్పటి జాబితా చెప్తుంది. ఈస్టిండియా కంపెనీ ఆ మొత్తాన్ని ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకి కొన్నది. కానీ ఊరూరా తిరిగి, కరణాల అరుగుల మీద కూర్చుని, వాళ్ళచేత చెప్పించి రాయించినవాళ్ళు మనవాళ్ళు. ఏలూరుకి చెందిన కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, వాళ్ళ కింద పనిచేసిన ఎందరో గుమాస్తాలు. బొర్రయ్య పాతికేళ్ళు దాటీ దాటకముందే 1803లో పోయాడు. అన్న వదిలిన పనిని లక్ష్మయ్య చేతిలోకి తీసుకున్నాడు. మెకంజీ పోయాక 1830లలో ఆ పని కొనసాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకుంటే, అంత శక్తి ఒక స్థానికుడికి ఉండదని కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ తోసిపుచ్చింది. పని విలియం టేలర్ అనే పాదరీ చేతికి వెళ్ళింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది. అప్పుడు లక్ష్మయ్యకి ఇంకో పదేళ్ళు ఇచ్చి ఉంటే ఇంకెన్ని ఊళ్ళు మాట్లాడి ఉండేవో.

ఆ వృత్తాంతాలనే మనం కైఫీయత్తులంటాం. వాటి రాతప్రతులు మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. అది ఇప్పుడు కోట్టూర్‌పురంలో అన్నా శతాబ్ది గ్రంథాలయ భవనంలో ఉంది, మీ వేళచ్చేరి రైలు లైన్లోనే. ఆధార్ కార్డు, మీ ఊరి పేరు, మండలం, పాత తాలూకా పేరు రాసుకుని వెళ్ళండి. కడప జిల్లా కైఫీయత్తులు కడపలోని సి.పి. బ్రౌన్ కేంద్రం వరసగా అచ్చువేసింది. ముందు ఒక అచ్చు సంపుటం చదివి, ఆ భాష అలవాటు చేసుకుని, తర్వాత రాతప్రతి ముట్టుకుంటే మేలు. రాతప్రతిలో గొలుసుకట్టు రాత, మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండదు. 'మౌజే ఫలానా, సముతు ఫలానా' అని, అంటే ఊరి పేరు, అది ఏ ఊళ్ళ గుంపులోదో చెప్తూ మొదలవుతుంది. అడవి ఎవరు కొట్టించారు, ఊరికి ఆ పేరెలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, గజపతుల కాలంలో ఏమైంది, రాయల కాలంలో ఏమైంది, పొలిమేర ఏ పుట్ట దగ్గర మొదలై ఏ వాగు దగ్గర తిరుగుతుంది, అంతా ఉంటుంది. ఫసలీ సంవత్సరం, అంటే పాత శిస్తు లెక్కల సంవత్సరం, కనబడితే 590 కలుపుకోండి, ఇప్పటి లెక్క వస్తుంది.

చాలా కైఫీయత్తుల్లో ముక్కంటి కాడువెట్టి అనే పాతకాలపు పల్లవ రాజు వచ్చి అడవి కొట్టించి అగ్రహారం ఇచ్చాడని ఉంటుంది. దాన్ని చరిత్ర అని అలాగే గోడకి రాయొద్దు. కట్టుకథ అని కొట్టేయనూ వద్దు. రెండు వందల ఏళ్ళ కిందట మీ ఊరి కరణం తన ఊరి మొదలు గురించి ఏం నమ్మాడో చెప్పే సాక్ష్యం అది. మ్యూజియంలో పెట్టేటప్పుడు ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అన్నది పక్కన రాస్తే చాలు. శాసనం ఒకటి చెప్తుంది, కైఫీయత్తు ఇంకోటి, మీ నాయనమ్మ మూడోది. మూడూ పక్కపక్కన పెట్టండి. ఏది నిజమో తేల్చాలన్న తొందర మీకు వద్దు.

కరణంగారింట్లో కట్టల విషయానికి వస్తే, 1984లో కరణాల, మునసబుల పోస్టులు రద్దయ్యాక ఎన్నో ఇళ్ళలో కవిలె కట్టలు, అంటే ఊరి లెక్కల కట్టలు, అటక మీదే ఉండిపోయాయి. కొన్ని పొయ్యిలోకి వెళ్ళాయి. మీవాళ్ళు దాచారంటేనే దండం పెట్టాలి. వాటిని మ్యూజియానికి ఇవ్వమని అడగకండి. వాళ్ళ అరుగు మీదే, వాళ్ళ ముందే, ఒక్కో ఆకు ఫోటో తీసి, కట్టని తీసిన వరసలోనే మళ్ళీ కట్టి ఇచ్చేయండి. ఫోటోల కాపీ ఒకటి వాళ్ళకి ఇవ్వండి. ఎండిన ఆకుని బలవంతంగా విప్పితే విరుగుతుంది. నిమ్మగడ్డి నూనె పలచగా రాసి, మెత్తబడ్డాక విప్పాలి. కాగితాలైతే సెల్లోటేపు, లామినేషన్ జోలికి పోవద్దు. ఆ రెండింటి వల్ల పోయినన్ని కాగితాలు పురుగుల వల్ల కూడా పోలేదేమో అనిపిస్తుంది నాకు.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఆ కవిలెల్లో భూముల లెక్కలుంటాయి. ఫలానా మాన్యం ఫలానా వృత్తివాళ్ళదని ఉంటుంది. ఇవాళ ఆ భూమి ఇంకెవరి చేతిలోనో ఉండొచ్చు. మంచి ఉద్దేశంతోనే ఒక పేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టినా ఊళ్ళో టెన్షన్ మొదలవుతుంది. ఇంటివాళ్ళ అనుమతి, పెద్దల మాట లేకుండా ఏదీ బయటపెట్టకండి.

వస్తువుల గురించి ఒక్క ఉదాహరణ చెప్తాను. పొదిలి వైపు ఒక ఊళ్ళో జడ్డిగం చూపించారు. గొర్రు మీద పెట్టే చెక్క గిన్నె, అడుగున గొట్టాలకి మూడు రంధ్రాలు, అందులోంచి విత్తనం చాళ్ళలోకి దిగుతుంది. 'జడ్డిగం, విత్తనాలు వేసే సాధనం' అని చీటీ రాసి పక్కన పెట్టబోయాను. ఆ ఇంటి ముసలావిడ నవ్వి, ఇలా ఇవ్వు నాయనా అని తీసుకుంది. వాకిట్లో ఇసుక పిడికిట్లోకి తీసుకుని, బొటనవేలితో ఒత్తుతూ వదలడం మొదలుపెట్టింది. ఇసుక మూడు రంధ్రాల్లోకీ సమంగా, తెగకుండా దిగింది. గొర్రు పక్కన నడుస్తూ, ఎద్దుల అడుగుకి సరిపడా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలా వదిలేదట. జొన్నకి ఒక ఒత్తు, సజ్జకి ఇంకో ఒత్తు. గిన్నె అంచున ఒకచోట నున్నగా అరిగి ఉంది. ఆవిడ చెయ్యి ఆనేది సరిగ్గా అక్కడే. నేను ప్రయత్నిస్తే ఒక రంధ్రంలోకే కుప్పగా పడింది. ఆ రోజు నా దగ్గర వీడియో తీసే ఫోన్ లేదు. మీ అందరి జేబుల్లో ఉంది. వస్తువుని ఫోటో తీయడంతో ఆగకండి, దాన్ని వాడిన చేతిని వీడియో తీయండి. ఆవిడ చెప్పిన మాటలు ఆవిడ యాసలోనే రాసుకోండి.

కుంచాలు దొరికితే ప్రతి ఇంటి కుంచం బియ్యంతో నింపి తూచండి. ఊరికో కుంచం ఉండేది మనకి. ఇచ్చే కుంచం, తీసుకునే కుంచం వేరుగా ఉన్న ఇళ్ళు కూడా ఉండేవని పెద్దవాళ్ళు చెప్తారు. అలాంటి రెండు కుంచాలు పక్కపక్కన పెట్టి, ఎంత బియ్యం పడుతుందో అంకెలు రాస్తే పిల్లలు తమంతట తామే అడగడం మొదలుపెడతారు.

సేకరణకి బయల్దేరినప్పుడు కాళ్ళు అలవాటుగా పెద్ద ఇళ్ళ వైపే పోతాయి. మా నూట నలభై వస్తువుల్లో ఒక్కటి కూడా మాలపల్లె నుంచో మాదిగపల్లె నుంచో రాలేదు. అప్పుడు నాకు అది తోచనే లేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. కపిల బావి, అంటే ఎద్దులతో తోలు సంచిలో నీళ్ళు తోడే బావి, గురించి చెప్తూ ఎద్దుల్నీ బావినీ బొమ్మ గీసి పెట్టాం. ఆ కపిల తోలు తంగేడు చెక్కతో పదును చేసి, నీళ్ళు కారకుండా కుట్టింది ఎవరు? ఆ కుట్టు తెలిసినవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉండే అవకాశం ఉంది. ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. చాకలి, మంగలి, కుమ్మరి ఇళ్ళకీ, ఎండాకాలం వచ్చిపోయే పిచ్చుకుంట్లవాళ్ళ దగ్గరికీ వెళ్ళండి. మీ ఇళ్ళ వంశాల పేర్లు ఏడు తరాల దాకా వాళ్ళకి నోటికి ఉంటాయి.

గది లేకుండానే వస్తువుల్నీ కథనీ కాపాడుకుంటున్నవాళ్ళని చూడాలంటే కార్తీక అమావాస్యకి కారెంపూడి వెళ్ళి రండి. పల్నాటి వీరుల ఉత్సవం ఐదు రోజులు జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని ఆ రోజుల పేర్లు. వీరాచారం పాటించే కుటుంబాలు దూరదూరాల ఊళ్ళ నుంచి తమ ఇళ్ళలో పూజించుకునే వీరుల ఆయుధాలు తెచ్చి నాగులేట్లో స్నానం చేయిస్తాయి. ఆయుధం ఇంట్లో ఉంటుంది, కథ పాడేవాళ్ళ నోట్లో ఉంటుంది, ఏడాదికోసారి రెండూ ఒకచోట కలుస్తాయి. మీ గది కూడా ఇలా ఉంటే బాగుంటుంది. వస్తువులు ఇళ్ళలోనే ఉండి, గదిలో వాటి ఫోటో, మాట, వివరం ఉండి, తిరణాలకో సంక్రాంతికో అవన్నీ ఒక రోజు గదికి వచ్చి వెళ్ళేలా.

వేటపాలెం సారస్వత నికేతనం కూడా చూడండి. 1918లో మొదలైన లైబ్రరీ. పాత పేపర్లు, పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో ఆ చిన్న ఊరికి వస్తారు. 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్ర అక్కడే భద్రంగా ఉంది. ఒక ఊరు నూరేళ్ళకి పైగా తాళంచెవి చేతులు మారుస్తూ ఎలా నడిపిందో వాళ్ళనే అడిగి తెలుసుకోండి. ఇక మీకు దగ్గర్లో, ముట్టుకాడు దక్షిణచిత్ర మ్యూజియంలో విశాఖ తీరపు చుట్టిల్లు, ఇక్కత్ నేసే ఇల్లు ఉన్నాయి. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్ళండి. అంత డబ్బు మీ దగ్గర ఉండదు గానీ, ఇంట్లో ఏ సామాను ఎక్కడ పెట్టారో గమనిస్తే చాలా తెలుస్తుంది.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన రాతి, లోహ విగ్రహాల్లాంటివి దగ్గర పెట్టుకుంటే రిజిస్టరు చేయించాలి. నేలలో నాణేలో, నగలో దొరికితే 1878 నిధి చట్టం కింద కలెక్టరుకి తెలియజేయాలి. గుడికి చెందినవి అసలే ముట్టుకోకండి. రాష్ట్ర పురావస్తు శాఖకి మొదట్లోనే ఒక ఉత్తరం రాసి, అందినట్టు సంతకం తీసుకోండి.

ఖర్చు గురించి అడిగారు. మొదటి ఏడాది కావలసింది ఒక గట్టి అట్ట రిజిస్టరు, రెండు హార్డ్ డిస్కులు, ఒక మంచి టార్చి, ఒక పెద్ద స్కేలు, ఊరికి రానూపోనూ ఛార్జీలు. రిజిస్టర్లో ప్రతి వస్తువుకీ ఒక నంబరు, ఎవరిది, ఎక్కడ ఉంది, ఏ తేదీన ఎవరు చెప్పారు, చెప్పినవాళ్ళ సంతకమో వేలిముద్రో. హార్డ్ డిస్కు ఒకటి ఊళ్ళో, ఒకటి చెన్నైలో. రెండో ఏడు గది తెరిచేటప్పుడు పైకప్పు, చెదలమందు, గాలి ఆడే కిటికీలు చూసుకోండి. అద్దాల పెట్టెలు, లైట్లు చివర్న. తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉండాలి, అందులో ఒకరు ఊళ్ళోనే ఉండే ఆడమనిషి అయితే మంచిది.

సంక్రాంతికి ఎలాగూ అందరూ ఊరు వెళ్తారు కదా. భోగి ముందురోజు రాత్రి ఇద్దరు టార్చి తీసుకుని చెరువుకట్ట మీదికి వెళ్ళండి. కనుమ నాడు పెద్దవాళ్ళు ఇళ్ళలో తీరిగ్గా ఉంటారు. అందరికంటే పెద్దావిడ ఎవరో కనుక్కుని, ఫోన్ రికార్డింగులో పెట్టి, గుడి వెనక రాళ్ళకి ఎవరు దీపం పెట్టేవాళ్ళని అడగండి. బండ ఫోటోలు ఇక్కడ పెట్టండి, నాకు చదవగలిగినంత చదివి పెడతాను. పక్క వెలుతురుతో తీసినవే పంపండి.